శనివారం కుదరదంది, ఎందుకో చెప్పలేదు

గత నెల ఒక మంగళవారం సాయంత్రం పని గురించి, మేనేజర్ల గురించి ఉద్యోగులు ఏమనుకుంటున్నారో అడిగే మా కంపెనీ ఎంగేజ్‌మెంట్ సర్వే ఫలితాలు మేనేజర్లందరికీ మెయిల్లో వచ్చాయి. ఏటా వచ్చేవే. ఏటా తెరిచి, నా టీమ్ వరసలో అన్నీ పచ్చగా ఉన్నాయని చూసుకుని మూసేసేవాణ్ణి. ఈసారి ఆ పచ్చదనం మధ్యలో ఒక గడి ఎర్రగా ఉంది. "నా అభిప్రాయాన్ని మా మేనేజర్‌కి భయం లేకుండా చెప్పగలను" అన్న వాక్యం పక్కన. జవాబిచ్చింది తొమ్మిదిమంది. చెప్పలేమన్నవాళ్ళు ముగ్గురు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇదంతా రాయడానికి కారణం అదే కాబట్టి చెప్తున్నాను. ఆ ముగ్గురూ ఎవరై ఉంటారా అని గంటన్నరసేపు లెక్కలు వేశాను. ఫలానా అతను ఈమధ్య క్యాంటీన్‌లో నా టేబుల్ దగ్గరికి రావడం లేదు. ఫలానా ఆమె మొన్న కాల్‌లో వీడియో ఆన్ చేయలేదు. సర్వే కింద వ్యాఖ్యలు కూడా నాలుగు ఉన్నాయి, పేర్లు లేకుండా. ఒకదాంట్లో ప్రతి వాక్యం చివరా మూడు చుక్కలు. మా టీమ్‌లో అలా చుక్కలు పెట్టేది ఒక్కడే. దొరికాడు అనుకుని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుతుంటే తట్టింది. ఆ గడి ఎందుకు ఎర్రగా ఉందో తెలుసుకోవడానికి ఇంకెవరినీ అడగక్కర్లేదు, ఈ గంటన్నర చాలు.

1981 నుంచి 1996 మధ్య పుట్టినవాళ్ళని మిలీనియల్స్ అంటారు. నేను 1987. కంపెనీల్లో మా గురించి చేసే ప్రెజెంటేషన్లు నేను చాలా చూశాను. మిలీనియల్స్‌కి పనిలో అర్థం కావాలి, ఎప్పటికప్పుడు ఫీడ్‌బ్యాక్ కావాలి, మూసధోరణి నచ్చదు, పక్కన కూర్చోడానికి బీన్‌బ్యాగ్ కావాలి. ఆ స్లైడ్లలో మేమెప్పుడూ కల్చర్‌ని కొనుక్కోడానికొచ్చిన కస్టమర్లం. మేమూ అలాగే మాట్లాడతాం. "మా కంపెనీ కల్చర్ బాగోదు రా" అంటాం, మా ఊళ్ళో నీళ్ళు బాగోవు అన్నట్టు.

నాకిప్పుడు ఆ మాట నోట్లోంచి రావడం లేదు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో టీమ్ లీడ్ ఎవరు? ప్రాజెక్ట్ మేనేజర్ ఎవరు? సెలవు అప్రూవ్ చేసేదీ, రేటింగ్ వేసేదీ, రాత్రి మెసేజ్ పెట్టేదీ ఎవరు? మేమే. అత్తా ఒకింటి కోడలే అంటారు. మా తరం అత్తరికంలోకి వచ్చి కూడా ఇంకా కోడలి కష్టాలే చెప్పుకుంటోంది.

మా అమ్మమ్మ జబ్బులు

మార్చిలో ఒక శనివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ పెట్టుకున్నాం. క్లయింట్‌ది అమెరికా, వాళ్ళకి శుక్రవారం సాయంత్రం అంటే మనకి శనివారం తెల్లవారుజాము. గురువారం స్టాండప్‌లో, అంటే రోజూ పొద్దున జరిగే చిన్న మీటింగులో, ఎవరెవరు ఉంటున్నారని అడిగాను. టీమ్‌లో అందరికన్నా చిన్నదైన అనంతపురం అమ్మాయి, చేరి ఏడాదిన్నర అయి ఉంటుంది, "నాకు శనివారం కుదరదండి" అంది.

నేను ఆగాను, కారణం వస్తుందని. రాలేదు.

"ఏమన్నా ఫంక్షన్ ఉందా?"

"లేదండి. శనివారం కదా."

కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు. "సరే, చూద్దాం" అన్నాను. పక్కగదిలోంచి మా ఆవిడ తర్వాత అడిగింది, "ఎవరిమీద కోపం?" అని. నా గొంతులో ఏమీ లేదనుకున్నాను నేను.

నా మొదటి కంపెనీలో ఒక శనివారం సెలవు కావాలంటే కథ ఉండాలి. మా అమ్మమ్మ 1999లో పోయింది. నేను ఉద్యోగంలో చేరాక మొదటి నాలుగేళ్ళలో ఆవిడకి మూడుసార్లు సీరియస్ అయింది, ఒకసారి కంటి ఆపరేషన్ జరిగింది. నా రూమ్మేట్‌కి ఒక్కతే అక్క. ఆవిడ నిశ్చితార్థం రెండుసార్లు అయింది, రెండోసారి కూడా వాళ్ళ మేనేజర్ శుభాకాంక్షలు చెప్పాడు. ఇదంతా అప్పట్లో తెలివి అనుకునేవాళ్ళం. ఏ కథ ఎప్పుడు వాడామో గుర్తుపెట్టుకోవాలని వీకెండ్లలో నవ్వుకునేవాళ్ళం.

అది తెలివి కాదని ఇప్పుడనిపిస్తోంది. అబద్ధమని మేనేజర్‌కి తెలుసు. ఆయనకి తెలుసని మాకూ తెలుసు. అయినా ఆ కథ చెప్పాలి. ఎందుకంటే అది దండం. నా శనివారం మీదే, ఈ ఒక్కటీ దయచేయండి అని అడగడం. అనంతపురం అమ్మాయి ఆ దండం పెట్టలేదు. నాకు కోపం వచ్చింది రిలీజ్ గురించి కాదు. ఇంకొకతను కూర్చున్నాడు, తొమ్మిదింటికల్లా అయిపోయింది కూడా. నేను అన్నేళ్ళు పెట్టిన దండాలకి నా వంతు వచ్చినప్పుడు ఎవరూ పెట్టకపోతే ఎలా అన్నదే నా కోపం. దానికి నేను పెట్టుకున్న పేరు "కమిట్‌మెంట్ లేకపోవడం".

అంతటితో ఆ అమ్మాయి రైటు, నేను తప్పు అని తేల్చేసి ఉంటే ఈ పోస్టు ఇక్కడ అయిపోయేది. కానీ ఆ శనివారం కూర్చున్న ఇంకొకతను ఉన్నాడే, అతనే చుక్కలు పెట్టేవాడు. ఇంట్లో రెండేళ్ళ పాప. సర్వేలో అతను రాసిన వ్యాఖ్యని ఆ ఫలితాలు వచ్చిన రాత్రి మళ్ళీ తీసి చదివాను. మొదటిసారి ఎవరు రాశారన్నదే చూశాను కానీ ఏం రాశారో చూడలేదు. "కొందరు నో అంటే నడుస్తుంది... ఆ పని ఎక్కడికి పోతుందో ఎవరూ చూడరు..." అని ఉంది. ఆ అమ్మాయి కాదన్న శనివారం ఆవిరైపోలేదు, కాదనలేనివాడి ఇంటికి వెళ్ళింది. నేను పంపించాను. మనుషులు తక్కువున్న ప్రాజెక్టుని తీసుకుని, అందరూ సర్దుకుంటారన్న ధీమాతో క్లయింట్‌కి తేదీ చెప్పింది నేను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కుళ్ళుకుంటుంటే నేను మధ్యలో పెద్దమనిషిలా కూర్చున్నాను.

చేరే తేదీ

మాకీ దండం పెట్టే అలవాటు ఎక్కడ పట్టుకుందో నాకు బాగా గుర్తుంది.

2008లో వరంగల్‌లో బీటెక్ అయిపోయింది. చేతిలో క్యాంపస్ ఆఫర్ లెటర్. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. మా చేరే తేదీ మూడు నెలలు వెనక్కి జరిగింది, ఆ తర్వాత తేదీయే లేకుండా పోయింది. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. యాభైవేల పైచిలుకు ఉద్యోగులు ఒక్కరోజులో ఏమవుతామో తెలియని స్థితికి వచ్చారు. వాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళే రెజ్యూమెలు పట్టుకుని తిరుగుతుంటే మాలాంటి కొత్తవాళ్ళని ఎవరు చూస్తారు? అమీర్‌పేటలో ఒక గదికి నలుగురం. మైత్రీవనం వెనక సందులో టెస్టింగ్ కోర్సు. పొద్దున టిఫిన్ మానేసి పదకొండింటికి భోజనం చేస్తే రెండుపూటలదీ కలిసొస్తుందని కనిపెట్టింది మా గదిలోవాడే. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఇంక పిలువలేదా బిడ్డా" అని అడగడం మానేసింది. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

చివరికి 2009 ఆగస్టులో పిలిచారు. ఇండక్షన్ రోజు హెచ్ఆర్ ఆవిడ స్టేజీ మీద నిలబడి, "ఇక్కడ సర్, మేడమ్ ఉండవు. సీఈఓని కూడా పేరు పెట్టే పిలవచ్చు" అంది. హాలంతా ఒక్క గొంతుతో "యెస్ మేడమ్" అన్నాం.

ఏడాది తిరిగాక మొదటి అప్రైజల్, అంటే ఏడాది పనికి రేటింగ్ వేసే సైకిల్. మా మేనేజర్ మంచివాడే, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. గాజుగదిలో కూర్చోబెట్టి ఇలా అన్నాడు: "నువ్వు బాగా చేశావు. కానీ కర్వ్‌లో ఎవరో ఒకరు కింద ఉండాలి. నీకింకా పెళ్ళి కాలేదు, బాధ్యతల్లేవు. ఈసారికి సర్దుకో, వచ్చే సైకిల్లో చూద్దాం." నేను "పర్లేదు సర్" అన్నాను. థాంక్యూ కూడా చెప్పాను. ఎనిమిది నెలలు చేరే తేదీ కోసం ఎదురుచూసినవాడికి ఉద్యోగం ఉండటమే ఒక దయ. దయ చేసినవాడితో లెక్కలు మాట్లాడం కదా.

మా బ్యాచ్‌లో అందరిదీ దాదాపు ఇదే కథ. మిలీనియల్స్ తిరుగుబాటు మనస్తత్వం గురించి ఆ స్లైడ్లు రాసినవాళ్ళు 2009లో అమీర్‌పేట చూసి ఉండరు.

కర్వ్ గురించి ఒక మాట. జాక్ వెల్చ్ కాలంలో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి లోకమంతా పాకిన పద్ధతి అది. ఉద్యోగులని ముందే వాటాలు వేసి రేటింగ్ ఇవ్వాలి: పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. 2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసినప్పుడు మేమంతా ఆ వార్తని ఒకరికొకరం ఫార్వర్డ్ చేసుకున్నాం. కొన్నాళ్ళకి మా కంపెనీ కూడా వదిలేసినట్టు ప్రకటించింది, కేకు కోశారు. ఇప్పుడు దాన్ని డిస్ట్రిబ్యూషన్ గైడెన్స్ అంటారు. షీటులో గడులు అవే.

"అర్జెంట్ కాదు"

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు మా బీటెక్ వాట్సాప్ గ్రూపు మూడురోజులు నిద్రపోలేదు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్నాడు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపు చూస్తారన్నాడు. ఇక చెప్పక్కర్లేదు. మీమ్స్ మీద మీమ్స్. నేనూ రెండు పంపాను. ఆ రెండో మీమ్ పంపిన రాత్రే, పదకొండు దాటాక, మా టీమ్ చాట్‌లో ఒక మెసేజ్ పెట్టాను. "ఈ ఫైలు ఒకసారి చూడండి. అర్జెంట్ కాదు, రేపు చూసినా ఫర్వాలేదు." ఐదు నిమిషాల్లో ఇద్దరు సరేనని బొటనవేలి గుర్తు పెట్టారు. అంటే వాళ్ళింకా పడుకోలేదు, లేదా నేను లేపాను.

అర్జెంట్ కానిది పదకొండింటికి ఎందుకు పంపానని తర్వాత ఆలోచించాను. నా బుర్రలోంచి దించేసుకోడానికి. ఆ బరువు ఇంకెవరి దిండు కిందికో పోయిందన్న ధ్యాస లేదు. పైగా "అర్జెంట్ కాదు" అని రాసినందుకు నేను మంచి మేనేజర్‌ననే అనుకున్నాను.

ఫ్రాన్స్‌లో 2017 నుంచీ, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచీ డ్యూటీ అయ్యాక వచ్చే మెసేజ్‌కి జవాబివ్వకపోయే హక్కుకి చట్టం ఉంది. మన పార్లమెంటులో ఇదే హక్కు కోసం ఎంపీ సుప్రియా సూలే పెట్టిన ప్రైవేట్ మెంబర్ బిల్లు బిల్లుగానే ఉండిపోయింది. ఇటు 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా, వారానికి 48 మించకుండా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఆ వార్త మా గ్రూపులోకి వచ్చినప్పుడు ఒకడు అమాయకంగా అడిగాడు, "తగ్గించారా?" అని.

నవ్వుకున్నాం. కానీ ఆ పది గంటలు దాటించేది ప్రభుత్వమూ కాదు, నారాయణమూర్తీ కాదు. ఆయన మా టీమ్ చాట్‌లో లేడు.

బాపు విన్న కాల్

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే లాప్‌టాప్ సంచిలో వేసుకుని హనుమకొండ వెళ్ళిపోయాను. ముందుగదిలో కుట్టుమిషన్ మీద లాప్‌టాప్ పెట్టి పని. నేను ఆఫీసులో ఎలా మాట్లాడతానో మా ఇంట్లోవాళ్ళు వినడం అదే మొదలు. పొద్దున తొమ్మిదిన్నరకి స్టాండప్ అవుతుంటే అమ్మ, "రోజు పొద్దుగాల ఎవలకు హాజరు చెప్తున్నవ్?" అనేది.

ఒకరోజు ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో, ఇష్యూ వచ్చింది. ఒక కుర్రాడు చూసుకోకుండా ఏదో మార్చాడు. నేను అరవలేదు, అది నాకు బాగా గుర్తు. మెల్లగానే మాట్లాడాను. "నీ నుంచి ఇది అనుకోలేదు." "ఇంత చిన్నదానికే ఇలా అయితే ఎలా?" చివరగా, "ఇది నాకు గుర్తుంటుంది." కాల్ పెట్టేసి తల తిప్పితే, అరుగు మీద పల్లీలు ఒలుస్తున్న మా బాపు, అంటే మా నాన్న, చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"ఎవన్నిరా గట్లంటున్నవ్?"

"టీమ్‌ల పిలగాడు బాపూ. తప్పు చేసిండు."

"తప్పు చేస్తె మెమో ఇయ్యాలె. గుర్తు పెట్టుకుంట అనుడేంది?"

బాపు ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరయ్యాడు. మెమోలు ఆయనకి కొత్త కాదు. మెమో అంటే తిట్టు అనుకునేవాణ్ణి నేను. ఆయన లెక్క వేరు. "మెమో ఇస్తె జవాబు రాసుకోవచ్చు. యూనియనోడు పక్కన నిలవడ్తడు. నువ్వు గుర్తు పెట్టుకుంట అంటే ఆడు దేనికి జవాబు రాస్తడు?"

నా దగ్గర సమాధానం లేదు. మీకు యూనియన్ లేదా అని అడిగాడు. హెచ్ఆర్ ఉందన్నాను. "అది కంపినీది గాదా?" అని మళ్ళీ పల్లీల్లో పడ్డాడు.

బాపు కాలం బంగారం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. టికెట్టు లెక్కల్లో చిన్న తేడా వచ్చినందుకు నెలల తరబడి సస్పెండయి డిపో చుట్టూ తిరిగినవాళ్ళ కథలు మా ఇంట్లో చాలా విన్నాం. మంచి రూటు ఎవరికి పడుతుందన్నది ఎవరి మనిషి అన్నదాన్ని బట్టి ఉండేదని ఆయనే చెప్తాడు. 2011లో సకల జనుల సమ్మెలో జీతం లేకుండా ఇల్లు ఎలా గడిచిందో అమ్మకి తెలుసు. కానీ కోపమైనా, శిక్ష అయినా కాగితం మీద ఉండేవి. మా దగ్గర అంతా స్నేహంగా, నవ్వుతూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ జరుగుతుంది. శిక్ష ఏదో, ఎప్పుడు పడిందో జీతం ఎంత పెరిగిందో చెప్పే హైక్ లెటర్ వచ్చేదాకా తెలియదు. వచ్చాక కూడా ఫలానా కాల్‌లో ఫలానా మాటకి అని ఎక్కడా ఉండదు.

"కల్చర్ అంటే హైక్ రా"

ఈ గొడవంతా నా బీటెక్ స్నేహితుడొకడికి చెప్తే కొట్టిపారేశాడు. "కల్చర్ అంటే హైక్ రా. మిగతాదంతా క్యాంటీన్ మెనూ." పన్నెండేళ్ళలో ఐదు కంపెనీలు మారాడు వాడు. ప్రతిసారీ ప్యాకేజీ పెంచుకున్నాడు. నేను రెండో కంపెనీలోనే పదకొండేళ్ళుగా ఉన్నాను.

వాడి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం, అంటే పన్నెండువేల పైచిలుకు మందిని తగ్గిస్తున్నామని ప్రకటించింది, ఎక్కువగా మధ్యస్థాయి, పైస్థాయి వాళ్ళని. మధ్యస్థాయి అంటే ఇంకెవరు? మా వయసువాళ్ళే. ఆ రోజు నుంచి మా గ్రూపులో మీమ్స్ తగ్గి, "మీ దగ్గర ఓపెనింగ్స్ ఉన్నాయా" అన్న మెసేజ్‌లు పెరిగాయి. నల్లగండ్లలో నా ఫ్లాట్ ఈఎంఐ 2039 దాకా ఉంది. అమ్మ మోకాలి ఆపరేషన్ కంపెనీ ఇన్సూరెన్స్ మీదే జరిగింది. ఈ ఉద్యోగాలు మా ఇళ్ళకి ఏం ఇచ్చాయో మర్చిపోయి కల్చర్ గురించి నీతులు చెప్పడం నాకూ ఇష్టం లేదు. నేను పై మీటింగుల్లో నోరెత్తని రోజుల వెనక ఈఎంఐ ఉంది. నా కింద ఉన్నవాళ్ళు నా దగ్గర నోరెత్తని రోజుల వెనకా అదే ఉండి ఉంటుంది.

అయితే వాడు ఒక విషయం ఒప్పుకోడు. మొన్న ఆరో కంపెనీ ఆఫర్ వచ్చింది. 90 రోజుల నోటీస్ పీరియడ్ ఎలా తగ్గించుకోవాలా అని తంటాలు పడుతూ నాకు ఫోన్ చేశాడు. జీతం గురించి అరనిమిషం మాట్లాడాడు. తర్వాత ఇరవై నిమిషాలు ఒకటే: "అక్కడ మీవాడెవడో పనిచేస్తున్నాడన్నావ్ కదా, ఆ మేనేజర్ ఎలాంటోడో కనుక్కో." ప్రతిసారీ చేరేముందు ఇదే అడుగుతాడు.

మా గేటు దగ్గర సెక్యూరిటీలో పనిచేసే ఒకాయన ఉన్నాడు. మాటల్లో తెలిసింది, ఆయనా నేనూ ఒకే ఏడు పుట్టాం. పన్నెండు గంటల షిఫ్టు, మెడలో వేరే రంగు ట్యాగు, జీతం ఇచ్చేది వేరే ఏజెన్సీ. సర్వే లింకు ఆయనకి రాలేదు. మిలీనియల్ ఉద్యోగుల అభిప్రాయాలు అని మేం అనుకునేదాంట్లో ఆయన లేడు. ఈ పోస్టులో కూడా ఈ నాలుగు వాక్యాలే ఉన్నాడు.

రేటింగ్ గది

ఇప్పటిదాకా చుట్టూ తిరిగాను. అసలు చెప్పాల్సింది జనవరిది.

ఎనిమిదిమంది మేనేజర్లం ఒక గదిలో కూర్చున్నాం. అందరం 1982 నుంచి 1990 లోపు పుట్టినవాళ్ళమే. గోడ మీద షీటు. నా తొమ్మిదిమందిలో ఒకరు కిందికి దిగాలి. బిర్యానీ వచ్చింది, చల్లారిపోతోంది, అందరికీ తొందర. నా టీమ్‌లో ఒకావిడ గత ఆగస్టులో మెటర్నిటీ లీవ్ నుంచి వచ్చింది. వచ్చాక చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు. పక్కనున్నతను స్క్రీన్ వైపు చూస్తూ, "ఈమె ఆర్నెల్లు లేదు కదా, జస్టిఫై చేయడం ఈజీ" అన్నాడు. చెడ్డవాడేం కాదు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

2017 సవరణ తర్వాత చట్టం 26 వారాల సెలవు ఇమ్మంటుంది. ఇచ్చాం. రేటింగ్ గదిలో చట్టానికి కుర్చీ వెయ్యలేదు. నేను తలూపలేదు, అడ్డం కూడా చెప్పలేదు. మౌస్ నా చేతిలోనే ఉంది. గడి మార్చాను. తర్వాత అందరం భోజనానికి లేచాం.

అడ్డం చెప్తే ఏమయ్యేది? ఆమె బదులు ఇంకొకరు దిగేవారు. తొమ్మిదిలో ఒకటి ఎలాగూ దిగాల్సిందే. ఈ వాదన నాతో నేను చాలాసార్లు చేసుకున్నాను. లెక్క ప్రకారం అందులో తప్పు లేదు కూడా. ఒక్క మేనేజర్ ఆ గైడెన్స్‌ని ఎదిరించలేడు. కానీ ఆర్నెల్ల సెలవు కారణం కాకూడదని గట్టిగా అనగలిగేవాణ్ణి. ఆ గదిలో ఉన్న మిగతా ఏడుగురూ వినేవాళ్ళు. మెయిల్లో రాయగలిగేవాణ్ణి. ఒక కాగితం ఉండేది. బాపు చెప్పిన మెమో లాంటిది, కిందినుంచి పైకి.

వారం తర్వాత ఆమెకి ఫోన్‌లో చెప్పాను. "ఈసారికి సర్దుకోండి, వచ్చే సైకిల్లో చూద్దాం." అది 2010లో నాకు చెప్పిన వాక్యమేనని ఆ ఎర్రగడి చూసిన రాత్రి దాకా నాకు తట్టలేదు. ఒక్క మాట తేడా లేదు. "సర్దుకో" బదులు "సర్దుకోండి" అన్నాను, అంతే. మా తరం మర్యాద నేర్చుకుంది.

ఆ మంగళవారం రాత్రే ఇంకో పని చేశాను. అనంతపురం అమ్మాయి ఫైల్లో నేను మార్చి ఆఖర్న రాసుకున్న నోట్ తీశాను. "ఓనర్‌షిప్ పెరగాలి" అని ఉంది. ఏ తేదీన రాశానో చూస్తే ఆ శనివారం తర్వాత సోమవారం. తీసేశాను. తీసేశాక కూడా అది గొప్ప పనేం అనిపించలేదు. ఆ నోట్ ఉందని ఆమెకి తెలియదు, పోయిందనీ తెలియదు.

సర్వే ఎర్రగా వచ్చిన మేనేజర్లందరం ఒక ఫారం నింపాలి. సమస్య ఏమిటి, యాక్షన్ ఐటమ్ ఏమిటి, ఓనర్ ఎవరు, డెడ్‌లైన్ ఎప్పుడు. హెచ్ఆర్ ఒక నమూనా కూడా పంపింది. అందులో "నెలకోసారి టీమ్ లంచ్" అని ఉంది.

ఫారం నింపేముందు, జనవరిలో నేను రేటింగ్ దించిన ఆవిడతో మాట్లాడదామని వన్ ఆన్ వన్, అంటే ఇద్దరమే ఉండే కాల్, పెట్టాను. కాల్‌లో వెనక పాప ఏడుస్తోంది. ఎవరో ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు. మామూలు విషయాలు రెండు మాట్లాడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగానే అన్నాను. "జనవరి రేటింగ్ పైనుంచి వచ్చిందని చెప్పాను మీకు. అది వేసింది నేనే. లీవ్ గురించి ఆ గదిలో మాటొచ్చింది. నేను ఏమీ మాట్లాడలేదు."

కొంచెంసేపు ఆగింది. "తెలుసండి" అంది.

ఎలా తెలుసని అడగలేదు. ఆమే మళ్ళీ అడిగింది. "ఇప్పుడు చెప్తున్నారు కదా. ఏమన్నా మార్చడానికి ఉంటుందా?"

సైకిల్ క్లోజ్ అయిపోయిందని చెప్పాను.